ఆఫీసుకి ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి? గూగుల్, మైక్రోసాఫ్ట్, జోహోల్లో ఒకటి తేల్చుకునే పద్ధతి

ఆఫీసు మెయిల్, డాక్యుమెంట్లు, షీట్లు, ఫైళ్ళు దాచుకునే చోటు కలిపి ఇచ్చే ప్యాకేజీల్లో గూగుల్ వర్క్‌స్పేస్ మంచిదా, మైక్రోసాఫ్ట్ 365 మంచిదా, జోహో మంచిదా అని పదిమందిని అడగండి, ఎవరు వాడేది వాళ్ళు గొప్పదంటారు. వీటిని అమ్మిపెట్టే రీసెల్లర్‌ని అడిగితే తనకి కమీషన్ ఎక్కువ వచ్చేది చెబుతాడు, అందులో ఆయన తప్పు కూడా ఏమీ లేదు. డెమోల్లో మూడూ బాగానే కనిపిస్తాయి. తేడా తెలిసేది మీ అకౌంట్స్ సెక్షన్‌లో ఓ పూట కూర్చుని, వాళ్ళు రోజూ తెరిచే ఫైళ్ళు ఏంటో చూసినప్పుడే.

చెప్పడానికి వీలుగా ఒక కంపెనీని ఊహించుకుందాం. విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ హోల్‌సేల్, గుంటూరులో ఒకటి, రాజమండ్రిలో ఒకటి బ్రాంచిలు, అంతా కలిపి 60 మంది. మెయిల్స్ తలా ఒక ఉచిత జీమెయిల్ ఐడీలో, రేట్ల ఫైలు ఒకాయన డెస్క్‌టాప్ మీద, ఆర్డర్లు వాట్సాప్ గ్రూపుల్లో, లెక్కలు టాలీలో. మీది సాఫ్ట్‌వేర్ కంపెనీయో ఆసుపత్రో అయితే అంకెలు మారతాయి గానీ దారి ఇదే.

1. ముందు డొమైన్ ఎవరి పేరున ఉందో చూడండి

సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత. కంపెనీ పేరుతో మెయిల్ ఐడీలు రావాలంటే డొమైన్, అంటే వెబ్‌సైట్‌కీ మెయిల్ ఐడీల చివరా వచ్చే పేరు, మీ చేతిలో ఉండాలి. చాలా చోట్ల ఏం జరుగుతుందంటే, ఎప్పుడో వెబ్‌సైట్ చేసిచ్చిన కుర్రాడు డొమైన్‌ని తన ఈమెయిల్‌తో, తన ఫోన్ నంబర్‌తో రిజిస్టర్ చేసి ఉంటాడు, ఏటా రెన్యువల్ బిల్లు వాట్సాప్‌లో పంపుతుంటాడు, మీరు కడుతుంటారు. అతను వేరే ఊరు వెళ్ళిపోయినా, ఫోన్ ఎత్తకపోయినా మీ కంపెనీ పేరు మీ చేతిలో లేనట్టే. కాబట్టి రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మిన సంస్థ) దగ్గర ఖాతా కంపెనీ పేరున మార్పించుకోండి, ఓటీపీ యజమానికో నమ్మకమైన భాగస్వామికో వచ్చేలా పెట్టుకోండి, ఆటో రెన్యువల్ ఆన్ చేయండి.

ఒక చిన్న మెలిక ఉంది. ఆ రిజిస్ట్రార్ ఖాతాకి ఇచ్చే ఈమెయిల్ అదే డొమైన్‌ది కాకూడదు. డొమైన్ గడువు తీరితే దాని మీది మెయిల్స్ ఆగిపోతాయి, అప్పుడు లాగిన్ కోసం పంపిన ఓటీపీ కూడా రాదు. ఈ ఒక్క పనికి విడిగా ఓ ఐడీ ఉంచుకోండి.

2. వారం పాటు ఫైళ్ళని గమనించండి

ఈ మెట్టు దగ్గర తొందరపడొద్దు, అసలు నిర్ణయం ఇక్కడే జరుగుతుంది. ప్రతి సెక్షన్‌కీ వెళ్ళి "మీరు రోజూ తెరిచే పెద్ద ఎక్సెల్ ఫైలు ఏది, ఒకసారి తెరవండి" అని అడగండి. తెరిచాక చూడాల్సినవి: ఫైలు పేరు చివర ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎం అని ఉందా (అంటే లోపల మ్యాక్రోలు, పనులు వాటంతటవే జరిగేలా రాసిన చిన్న ప్రోగ్రాములు, ఉన్నాయని), వేరే ఫైళ్ళకి లింకులు ఉన్నాయా, టాలీ నుంచి నేరుగా డేటా లాగుతోందా, పవర్ క్వెరీ (వేరే చోట్ల నుంచి డేటా తెచ్చి సర్దే ఎక్సెల్ సాధనం) లాంటివి వాడారా.

మ్యాక్రోలుంటే కథ మారిపోతుంది. ఎక్సెల్ మ్యాక్రోలు గూగుల్ షీట్స్‌లో నడవవు, గూగుల్ వాళ్ళ యాప్స్ స్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ పద్ధతిలో మళ్ళీ రాయించుకోవాలి. చాలామందికి తెలియనిది ఇంకోటి, బ్రౌజర్‌లో తెరిచే ఎక్సెల్‌లో కూడా అవి నడవవు. అంటే "మైక్రోసాఫ్టే కదా, బిజినెస్ బేసిక్ తీసుకుంటే చాలు" అనుకుంటే దొరికిపోతారు, ఎందుకంటే బేసిక్‌లో వెబ్, మొబైల్ వెర్షన్లే వస్తాయి, కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే ఎక్సెల్ రాదు. అది బిజినెస్ స్టాండర్డ్ నుంచి మొదలు. జోహో షీట్ మ్యాక్రోలని కొంతవరకు నడుపుతుంది గానీ మీ ఫైలు ఆ కొంతలోకి వస్తుందో లేదో వేసి చూస్తే తప్ప తెలియదు.

సైజు కూడా చూడండి. ఎక్సెల్‌లో ఒక షీట్‌కి 10,48,576 వరసలు పడతాయి. గూగుల్ షీట్స్‌లో ఫైలు మొత్తానికి కోటి సెల్స్ పరిమితి, అంటే 20 నిలువు వరసలున్న ఫైలైతే 5 లక్షల అడ్డ వరసలకే నిండిపోతుంది, నిజానికి అంతకు చాలా ముందే బరువెక్కి నత్తనడక మొదలుపెడుతుంది. మూడేళ్ళ సేల్స్ డేటా ఒకే ఫైల్లో పోగేసే అలవాటున్న అకౌంటెంటు ఉంటే ఇది గుర్తుంచుకోండి.

ఇక తెలుగు. ఇంగ్లిష్‌లో దొరికే పోలికల్లో దీని గురించి ఒక్క ముక్క ఉండదు. మీ నోటీసులు, కరపత్రాలు, పంచాయతీకో తహసీల్దారుకో పెట్టే అర్జీలు అను ఫాంట్లలో టైప్ చేసి ఉంటే, అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల ప్రమాణం) కావు. గూగుల్ డాక్స్‌లో తెరిస్తే పిచ్చి గీతలు, ఇంగ్లిష్ గుర్తులు కనబడతాయి, లోపలి పదం కోసం వెతికినా దొరకదు. ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ కొన్నా ఈ సమస్య తీరదు. పాతవాటిని పీడీఎఫ్ చేసి పక్కన పెట్టేసి, ఇకమీదట యూనికోడ్‌లో టైప్ చేయడం అలవాటు చేయించడమే దారి. విండోస్‌లో నిర్మలా యూఐ ఫాంట్ ఎలాగూ ఉంటుంది. గూగుల్ డాక్స్‌లో మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు దొరుకుతాయి, మైక్ నొక్కి తెలుగులో మాట్లాడితే టైప్ అయ్యే సదుపాయం కూడా ఉంది. టైపింగ్ రాని సూపర్‌వైజర్లున్న చోట అది నిజంగా పనికొస్తుంది. కాకపోతే ఒకచోట చేసిన తెలుగు డాక్యుమెంట్ ఇంకోచోట తెరిస్తే ఫాంట్ మారి పేజీలు అటూ ఇటూ అవుతాయి, కాబట్టి సంతకానికి వెళ్ళేది ఏదైనా పీడీఎఫ్‌గానే పంపండి.

3. ఎవరికి ఏం కావాలో లెక్క వేయండి

60 మంది ఉన్నారు కాబట్టి 60 లైసెన్సులు అనుకోకండి. డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. మన ఊహా కంపెనీలో అకౌంట్స్, పర్చేజ్ కలిపి పది మంది రోజంతా ఎక్సెల్‌లో ఉంటారు, వాళ్ళకి పూర్తి వెర్షన్ కావాలి. సేల్స్, బ్రాంచి మేనేజర్లు, ఆఫీసు స్టాఫ్ కలిపి ఇరవై మంది, వాళ్ళకి ఫోన్‌లో మెయిల్, ఫైళ్ళు చూసుకునే వీలు ఉంటే చాలు. మిగిలిన ముప్పై మంది గోడౌన్‌లో, డెలివరీ బండ్ల మీద ఉంటారు, వాళ్ళకి మెయిల్ బాక్స్ ఇచ్చినా తెరవరు. అంటే కొనాల్సింది 30, అందులోనూ పూర్తి ధరవి 10.

ఇలా రెండు రకాలు కలిపి కొనడం మైక్రోసాఫ్ట్‌లో, జోహోలో తేలిక. గూగుల్‌లో చిన్న కంపెనీలు సాధారణంగా అందరూ ఒకే ప్లాన్‌లో ఉండాల్సి వస్తుంది. అందుకే పైకి చవకగా కనబడిన ప్లాన్ మొత్తం మీద ఖరీదైపోతుంటుంది.

సేల్స్, అకౌంట్స్, సర్వీస్ అని విడివిడి ఐడీలు కావాలంటే వాటికి లైసెన్సులు కొనక్కర్లేదు. మైక్రోసాఫ్ట్‌లో షేర్డ్ మెయిల్ బాక్స్ 50 జీబీ దాటనంతవరకు లైసెన్స్ లేకుండానే నడుస్తుంది. గూగుల్‌లో ఒక ఐడీకి వచ్చిన మెయిల్ నలుగురికీ వెళ్ళేలా గ్రూప్స్ ఉన్నాయి, పైగా ఒక్కో యూజర్‌కి 30 దాకా మారుపేర్లు, అంటే అదే ఇన్‌బాక్స్‌కి వచ్చే అదనపు ఐడీలు, ఉచితంగా పెట్టుకోవచ్చు. ఒక ఐడీ పాస్‌వర్డ్‌ని నలుగురికి చెప్పేసి వాడే పద్ధతి ఇక మానేయండి, ఏ మెయిల్ ఎవరు పంపారో ఎవరు తుడిచేశారో తెలియక తర్వాత గొడవలవుతాయి.

4. ఇప్పుడు వడపోత

పది మందికి పైగా మ్యాక్రోలు, పవర్ క్వెరీల మీద బతుకుతుంటే మైక్రోసాఫ్ట్ 365 తీసుకోండి, దీని మీద ఎక్కువ చర్చ అక్కర్లేదు. వాళ్ళకి బిజినెస్ స్టాండర్డ్, మిగిలినవాళ్ళకి బేసిక్. ఫైళ్ళు ఆన్‌లైన్‌లో దాచుకోవడానికి ఒక్కొక్కరికీ వన్‌డ్రైవ్‌లో 1 టీబీ చోటు వస్తుంది. బిజినెస్ ప్లాన్లు 300 మంది దాకానే, అది దాటితే ఎంటర్‌ప్రైజ్ ప్లాన్లకి వెళ్ళాలి, గూగుల్ బిజినెస్ ప్లాన్లకీ ఇదే హద్దు. మైక్రోసాఫ్ట్‌తో నా ఫిర్యాదు ఒకటే: టీమ్స్‌లో (చాట్, మీటింగ్‌ల యాప్) పెట్టిన ఫైలు ఒకచోట, వన్‌డ్రైవ్‌లో ఒకచోట, షేర్‌పాయింట్‌లో (కంపెనీ ఉమ్మడి ఫైళ్ళ చోటు) ఒకచోట ఉన్నట్టు కనిపించి కొత్తవాళ్ళకి తల తిరుగుతుంది. ఏ ఫైళ్ళు ఎక్కడ పెట్టాలో మొదటి రోజే కాగితం మీద రాసి గోడకి అతికించండి.

మీ వాళ్ళంతా ఇప్పటికే జీమెయిల్ మీద ఉండి, ఫైళ్ళు చిన్నవై, ఒకే షీట్‌లో ముగ్గురు నలుగురు ఒకేసారి పని చేయాల్సి ఉంటే గూగుల్ వర్క్‌స్పేస్ హాయి. నేర్పించే పని దాదాపు ఉండదు. బిజినెస్ స్టార్టర్‌లో ఒక్కొక్కరికి 30 జీబీ లెక్కన, స్టాండర్డ్‌లో 2 టీబీ లెక్కన చోటు వస్తుంది, అదంతా కంపెనీ మొత్తానికి ఒక ఉమ్మడి ఖాతాలో పడుతుంది. స్టార్టర్‌లో మీటింగ్ రికార్డింగ్ ఉండదు. పార్టుల ఫొటోలు, వీడియోలు ఎక్కువ దాచేవాళ్ళకి 30 జీబీ చటుక్కున అయిపోతుంది. ఇప్పుడు ఉచిత జీమెయిల్‌లో ఉన్న 15 జీబీ ఎవరెవరికి నిండిపోయిందో అడిగితే అంచనా దొరుకుతుంది.

జోహో సంగతి. 1996లో అడ్వెంట్‌నెట్‌గా మొదలై 2009లో జోహో కార్పొరేషన్‌గా పేరు మార్చుకున్న చెన్నై కంపెనీ, డేటా సెంటర్లు ముంబైలో, చెన్నైలో ఉన్నాయి. మెయిల్, రైటర్, షీట్, చాట్‌కి క్లిక్, ఫైళ్ళకి వర్క్‌డ్రైవ్, ఇవన్నీ కలిసి వర్క్‌ప్లేస్ అనే ప్యాకేజీగా వస్తాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల మెయిల్స్ కూడా దీని మీదకి మారాక దేశీ సెంటిమెంట్‌తో అడిగేవాళ్ళు పెరిగారు. సెంటిమెంట్ మీ ఇష్టం, నేను మాత్రం ధర కోసమూ, వాళ్ళ బిల్లింగ్, సీఆర్‌ఎం (కస్టమర్ల వివరాలు చూసుకునే) సాఫ్ట్‌వేర్లతో కలిసిపోతుంది కాబట్టీ చూడమంటాను. అయిదుగురి దాకా ఉచిత మెయిల్ ప్లాన్ ఉంది, బ్రౌజర్‌లోనూ వాళ్ళ యాప్‌లోనూ మాత్రమే పనిచేస్తుంది, ఔట్‌లుక్ లాంటి వేరే మెయిల్ ప్రోగ్రాంలో పెట్టుకోవడానికి కావలసిన ఐమాప్ అనే సదుపాయం ఉండదు. ఇబ్బంది ఎక్కడంటే, మీరు పంపే ఫైల్ అవతల బ్యాంకువాడో ఆడిటరో వర్డ్‌లో తెరుస్తాడు, అప్పుడు టేబుళ్ళు కాస్త కదిలిపోవచ్చు.

నాలుగోది లిబ్రె ఆఫీస్, పూర్తిగా ఉచితం, 2010 నుంచి ఉంది. బిల్లు ప్రింట్ తీసే కంప్యూటర్‌కీ, గోడౌన్ కంప్యూటర్‌కీ ఇది చాలు. మెయిల్, ఫైల్ షేరింగ్ ఇందులో ఉండవు కాబట్టి చవకైన మెయిల్ ప్లాన్‌తో జత చేయాలి. మన లెక్కలోని 60 మందిలో కొందరికి ఇది వేసేస్తే ఎవరికీ తేడా తెలియదు.

ఇక క్రాక్ చేసిన ఆఫీస్. అందరూ వాడుతున్నారు కదా అంటారు. కాపీరైట్ చట్టం సెక్షన్ 63బి ప్రకారం తెలిసీ దొంగ కాపీ వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. దానికంటే రోజువారీ ప్రమాదం క్రాక్ చేయడానికి వాడే యాక్టివేటర్ ఫైళ్ళతో వచ్చే వైరస్‌లు, వాటిని నడపాలంటే యాంటీవైరస్ ఆపమని అవే చెబుతాయి! అసలు లైసెన్స్ ఉన్నా పాతదైతే చూసుకోండి, ఆఫీస్ 2016, 2019లకి, విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్‌లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఆఫీస్ 2021కి గడువు 2026 అక్టోబర్ 13.

5. కొటేషన్ చదవడం

ధరలు ఇక్కడ రాస్తే మీరు చదివేసరికి మారిపోతాయి, కాబట్టి చూసే పద్ధతి చెప్తాను. వెబ్‌సైట్‌లో కనిపించే ధర ఒక్కరికి ఒక్క నెలకి, సాధారణంగా ఏడాది ఒప్పందం మీద, జీఎస్‌టీ కలపకుండా. దాన్ని 12తో, లైసెన్సుల సంఖ్యతో హెచ్చించి 18 శాతం కలపండి. కంపెనీ జీఎస్‌టీ నంబర్ మీదే బిల్లు తీసుకోండి, ఇన్‌పుట్ క్రెడిట్ అర్హత ఉన్నవాళ్ళకి ఆ 18 శాతం వెనక్కి వస్తుంది. యజమాని సొంత కార్డుతో, సొంత పేరుతో కొనేస్తే అది పోయినట్టే.

ఒప్పందం రకం జాగ్రత్తగా చూడండి. గూగుల్‌లో ఫ్లెక్సిబుల్ ప్లాన్ ఖరీదు ఎక్కువ గానీ మనిషి మానేసిన నెలే తీసేయవచ్చు, ఏడాది ప్లాన్‌లో లైసెన్సులు పెంచుకోవచ్చు గానీ రెన్యువల్ దాకా తగ్గించలేరు. మైక్రోసాఫ్ట్‌లో ఏడాదికి ఒప్పుకుని నెలనెలా కడితే 2025 ఏప్రిల్ నుంచి 5 శాతం ఎక్కువ పడుతోంది, ఏడాది ఒప్పందం మొదలయ్యాక వద్దనుకోవడానికి 7 రోజులే టైం. సేల్స్‌లో మనుషులు తరచూ మారే కంపెనీ అయితే ఖాయంగా ఉండేవాళ్ళకి ఏడాదివి, మారేవాళ్ళకి నెలవారీవి తీసుకోవచ్చేమో రీసెల్లర్‌ని అడగండి. సగం మంది అడగరు కాబట్టి వాళ్ళూ చెప్పరు.

రీసెల్లర్ దగ్గర కొనడం తప్పేం కాదు, ఏదైనా ఆగిపోతే ఫోన్ ఎత్తే మనిషి ఉండటం విలువైనదే. ఒకటే షరతు పెట్టండి: ప్రధాన అడ్మిన్ ఖాతా మీ దగ్గరే ఉండాలి. ఆయన దగ్గర మాత్రమే ఉంటే డొమైన్ కుర్రాడి కథ మళ్ళీ మొదలవుతుంది.

ఏఐ సంగతి అడిగేవాళ్ళకి: గూగుల్ 2025లో తన ఏఐ జెమినైని బిజినెస్ ప్లాన్లలోనే కలిపేసి ధర పెంచింది, మైక్రోసాఫ్ట్‌లో వాళ్ళ ఏఐ అయిన పూర్తి స్థాయి కోపైలట్‌కి విడిగా కట్టాలి. దీన్ని చూసి మాత్రం ప్లాన్ ఎంచుకోవద్దు.

6. ట్రయల్ ఎవరితో చేయించాలి

గూగుల్ 14 రోజులు, జోహో 15 రోజులు, మైక్రోసాఫ్ట్ నెల రోజులు ఉచితంగా ఇస్తాయి. మామూలుగా ఐటీ చూసే అబ్బాయి ఒక్కడే ట్రయల్ చేసి "బాగుంది సార్" అంటాడు. అతనికి ఏదైనా బాగానే ఉంటుంది. మీరు అయిదుగురిని ఎంచుకోండి, వాళ్ళలో సీనియర్ అకౌంటెంట్ ఒకరు, బ్రాంచిలో పని చేసే మనిషి ఒకరు, "నాకు పాతదే బాగుంది" అని గొణిగే మనిషి ఒకరు కచ్చితంగా ఉండాలి. ఆ గొణిగే మనిషి చెప్పేవే అసలు లోపాలు.

వాళ్ళకి నిజం పనులివ్వండి. నెలాఖరు స్టేట్‌మెంట్ తయారుచేసి ఆడిటర్‌కి పంపి, ఆయన సిస్టంలో ఎలా కనిపించిందో అడగాలి. టాలీ నుంచి తీసిన రిపోర్ట్ తెరిచి పని చేయాలి. తెలుగు నోటీసు టైప్ చేసి ప్రింట్ తీయాలి. రాజమండ్రి బ్రాంచిలో నెట్ పోయినప్పుడు రేట్ల ఫైలు తెరుచుకుంటుందో లేదో చూడాలి, గూగుల్‌లో ఆఫ్‌లైన్ సదుపాయం ముందే ఆన్ చేసి పెట్టుకుంటేనే పనిచేస్తుంది. తక్కువ ధర ఫోన్‌లో యాప్ ఎంత నెమ్మదిగా ఉందో సేల్స్ వాళ్ళని అడగాలి. చివరగా, ఒక ఫైలు కావాలని తుడిచేసి మళ్ళీ తెచ్చుకోగలరో లేదో చూడండి.

7. భద్రత, చట్టం

ప్రధాన అడ్మిన్లు ఇద్దరుండాలి, ఒకరు ఊళ్ళో లేకపోయినా పని ఆగకూడదు. అందరికీ రెండంచెల లాగిన్ తప్పనిసరి చేయండి, ఎస్సెమ్మెస్ ఓటీపీ కంటే ఆథెంటికేటర్ యాప్ మేలు. కస్టమర్ల ఫోన్ నంబర్లు, చిరునామాలు మీ దగ్గర ఉన్నాయంటే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మీకూ వర్తిస్తుంది, డేటాకి సరైన రక్షణ పెట్టకపోతే జరిమానా గరిష్ఠంగా 250 కోట్లు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం హ్యాకింగ్ లాంటివి జరిగితే తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకి తెలియజేయాలి. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో చూపించే రిపోర్ట్ మీరు కొనే ప్లాన్‌లో ఉందో లేదో అడగండి, అది లేకుండా ఆరు గంటల్లో ఏం చెప్పగలరు?

8. మారే వారం

నెలాఖరులో, జీఎస్‌టీ రిటర్నుల తేదీల్లో మారొద్దు. శనివారం సాయంత్రం మొదలుపెడితే ఆదివారం చేతిలో ఉంటుంది. ముందు యూజర్లని సృష్టించి, పాత మెయిల్స్ ఐమాప్ ద్వారా కాపీ అవనిచ్చి, ఆ తర్వాత డొమైన్‌లో ఎంఎక్స్ రికార్డులు (మెయిల్స్ ఎక్కడికి రావాలో చెప్పే సెట్టింగ్) మార్చండి. అదే చేత్తో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు (మెయిల్ నిజంగా మీరే పంపారని రుజువు చేసే సెట్టింగ్‌లు) కూడా పెట్టేయాలి. ఇవి లేకపోతే మీ కొటేషన్లు అవతలివాళ్ళ స్పామ్‌లో పడతాయి, "మీరు పంపలేదు" అని వాళ్ళంటారు, "పంపాం" అని మీరంటారు, ఆర్డర్ ఇంకొకడికి పోతుంది.

సొంత జీమెయిల్ డ్రైవ్‌లో ఉన్న కంపెనీ ఫైళ్ళ యాజమాన్యం నేరుగా కంపెనీ ఖాతాకి మార్చడం కుదరదు, కాపీలు తీసుకుని పెట్టుకోవాలి. ఇది ఉద్యోగి మానేశాక కాదు, ఉన్నప్పుడే చేయించండి. వాట్సాప్‌ని ఎవరూ మానిపించలేరు, ప్రయత్నించకండి కూడా. కబుర్లు, బండి ఎక్కడుందో కనుక్కోవడం అక్కడే ఉండనివ్వండి, రేట్ల ఫైలు, డిస్కౌంట్ అనుమతులు, బ్యాంకు వివరాలు మాత్రం మెయిల్‌లోనో షేర్డ్ ఫోల్డర్‌లోనో తప్ప చెల్లవని ఒక నియమం పెట్టి, యజమాని కూడా పాటించాలి. ఆయనే వాట్సాప్‌లో రేట్లు పంపితే మూడో రోజుకి అందరూ పాత దారిలోకి వచ్చేస్తారు.

మనిషి మానేసినప్పుడు ఖాతాని వెంటనే డిలీట్ చేయకండి. ముందు పాస్‌వర్డ్ మార్చి, ఫోన్‌లోంచి లాగౌట్ చేయించి, ఫైళ్ళు ఇంకొకరికి బదిలీ చేయండి. మైక్రోసాఫ్ట్‌లో ఆ మెయిల్ బాక్స్‌ని షేర్డ్‌గా మార్చేస్తే లైసెన్స్ ఖాళీ అవుతుంది, పాత మెయిల్స్ పోవు. పొరపాటున డిలీట్ చేసినా గూగుల్‌లో 20 రోజులు, మైక్రోసాఫ్ట్‌లో 30 రోజుల లోపు వెనక్కి తెచ్చుకోవచ్చు. రెన్యువల్ తేదీకి నెల ముందు అడ్మిన్ పేజీలో చివరి లాగిన్ జాబితా తీసి, రెండు మూడు నెలలుగా ఎవరూ తెరవని ఖాతాలు లెక్కపెట్టి, ఆ సంఖ్య తగ్గించి కొటేషన్ అడగండి.